అల్లాఉద్దీన్ కట్టిన తెర

నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి మా బడిలో పిల్లలకీ తెలుసు, మా ఇంట్లో వాళ్ళకీ తెలుసు, చోడవరం ఆటోస్టాండులో ప్రతి డ్రైవరుకీ తెలుసు. కానీ మీరే చెప్పండి. పొద్దున్నే గంజి పెట్టిన చీర కట్టుకుని, అనకాపల్లిలో బడికని ఆటో ఎక్కితే, ఆ ఆటో అనకాపల్లిలోకి వెళ్ళకపోతే ఎవరికి కోపం రాదు? తుమ్మపాల దాటి ఊరి మొదట్లోకి రాగానే అల్లాఉద్దీన్ బండి పక్కకి తీసి ఆపేసేవాడు. "దిగాల మేడం. ఇక్కడితో మన హద్దు అయిపోనాది," అనేవాడు. అక్కణ్ణించి ఎండలో నడక. లేదంటే ఇంకో ఆటో కోసం దేవులాట.

ఎందుకయ్యా అంటే, అనకాపల్లి స్టాండు సమాఖ్య వాళ్ళది. చుట్టుపక్కల ఊళ్ళ ఆటో యూనియన్లు కలిసి పెట్టుకున్నదే ఆ సమాఖ్య. అందులో చేరిన ఊరి ఆటోలు దర్జాగా స్టాండు లోపలికి వెళ్ళొచ్చు, తిరుగు ప్రయాణానికి జనాన్ని ఎక్కించుకోవచ్చు. చేరని ఊరివి బయటే దింపేసి ఖాళీగా వెనక్కి తిరగాలి. వడ్డాది చేరింది. రావికమతం చేరింది. చక్కెర ఫ్యాక్టరీ ఉన్న మా చోడవరం మాత్రం చేరలేదు. మేం రోడ్డు పక్కన దిగి కుచ్చిళ్ళు దులుపుకుంటుంటే వడ్డాది ఆటో ఒకటి హారన్ కొట్టుకుంటూ, మా మొహాన దుమ్ము కొట్టి లోపలికి దూసుకుపోయేది. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

అల్లాఉద్దీన్‌కి కోపం రాదు. నోట్లో నాలుక లేని మనిషి అనుకునేదాన్ని. పప్పులో కాలేశానని తర్వాత తెలిసింది.

అతను అనకాపల్లిలోనే పుట్టాడు. వాళ్ళ నాన్న పరుపులు కుట్టేవాడు. దూది దుమ్ము పడక ఇతను ఆ పని వదిలేసి డ్రైవింగు నేర్చుకున్నాడు. ఇరవై దాటిన వయసులో, విశాఖపట్నంలో ఒక ఫ్యాక్టరీకి యంత్రాలు బిగించడానికొచ్చిన చెకోస్లొవాకియా ఇంజనీరు దగ్గర జీపు డ్రైవరుగా కుదిరాడు. ఇంజనీరు పేరు ఓండ్రెయ్. అల్లాఉద్దీన్ నోట్లో ఆయన ఓండ్రే సారు. ఆవకాయ తిని కళ్ళమ్మట నీళ్ళు కార్చుకుని, "ఇంకొంచెం వెయ్యి" అని కంచం చాచే మనిషట. ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా ఆరిలోవ నుంచి గాజువాక దాకా జీపులో కబుర్లే కబుర్లు.

డెబ్భై రెండులో అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. అల్లాఉద్దీన్ జీవితంలో మొదటి ఓటు. వేలి మీద సిరా చుక్కతో జీపు దగ్గరికొస్తే ఓండ్రే సారు ఆ వేలు పట్టుకుని చూశాడట. ఓటు ఎక్కడ వేశావని అడిగాడట.

"తెర ఎనకాల సార్."

"వెనక్కి వెళ్ళావా? నీ పేరు ఎవరూ రాసుకోలేదా?"

"ఎందుకు రాసుకుంటారు సార్? అందరూ ఎల్తారు."

ఆయన ఆ వేలు వదిలి జీపెక్కి కూర్చున్నాడట. తర్వాత చెప్పాడట. మా దేశంలోనూ ఓట్లున్నాయి. చీటీ మీద పార్టీ వాళ్ళు ముందే నిలబెట్టిన పేరే ఉంటుంది. చీటీ మడిచి తిన్నగా పెట్టెలో వెయ్యడమే. గది మూల తెర కూడా కడతారు. కానీ దాని వెనక్కి ఎవ్వరూ వెళ్ళరు. వెళ్ళారంటే ఆ పేరు కొట్టెయ్యడానికే వెళ్ళారని అర్థం. ఎవరు వెళ్ళారో చూడ్డానికి అక్కడ మనుషులుంటారు. ఇదీ ఆయన చెప్పింది. ఆ మాట అల్లాఉద్దీన్ మనసులో అలా ఉండిపోయింది. తెర ఉండి కూడా వెళ్ళలేకపోవడం ఏమిటా అని అతనికి ఎన్నేళ్ళయినా ఆశ్చర్యం తీరలేదు.

ఓండ్రే సారు వెళ్ళిపోయాడు. అల్లాఉద్దీన్ లారీ ఎక్కాడు. రాయపూర్, కలకత్తా, నెలల తరబడి ఇల్లు పట్టకుండా తిరిగాడు. ఒకసారి ఘాట్‌లో లారీ పల్టీ కొట్టి కాలు విరిగింది. ఆ కాలు తిన్నగా అతుక్కోలేదు. భార్య సఫూరా ఇంక లారీ మాట ఎత్తితే ఊరుకోనంది. కుంటుకుంటూ ఆటో కొనుక్కుని చోడవరం స్టాండుకొచ్చాడు. అక్కడున్న డ్రైవర్లందరూ అడ్డం తిరిగారు. ఉన్న బళ్ళకే జనం చాలడం లేదు, ఇంకోటా అన్నారు.

అప్పుడు ముందుకొచ్చినవాడు పరదేశి. యూనియన్ ప్రెసిడెంటు. గుబురు మీసం, ఖాకీ చొక్కా, మెడలో ఎర్ర తాడుకి వేలాడే ఈల. ఆ ఈల ఊదితేనే ఏ ఆటో అయినా స్టాండు కదలాలి. "ఈడికి లైన్లో సోటు లేదంతే నా సోటు తీసి ఈడికిచ్చీయండి. నేను ఆకర్ని నిలబడతాను," అన్నాడు. ఇంక ఎవడు మాట్లాడతాడు? ఆ రోజు నుంచి అల్లాఉద్దీన్‌కి పరదేశి అన్నియ్య. సఫూరా రంజానుకి సేమ్యా వండితే మొదటి గిన్నె అన్నియ్య ఇంటికే వెళ్ళేది.

పరదేశి మంచివాడని ఒప్పుకోక తప్పదు. ఏ డ్రైవరునైనా పోలీసులు పట్టుకెళితే తెల్లారేలోగా విడిపించుకొచ్చేవాడు. ఎవరికైనా దెబ్బ తగిలితే ఆసుపత్రిలో తనే కాపలా. కానీ ఎన్నిక అంటే ఏమిటో ఆయనకి తెలీదు. ఏటా దసరాకి బళ్ళన్నీ కడిగి, పసుపు రాసి, కొబ్బరికాయలు కొట్టాక, ఎవడో ఒకడు "ప్రెసిడెంటు మన పరదేశే కదరా?" అని అరిచేవాడు. అందరి చేతులూ లేచేవి. దండ పడేది. "ఏకగ్రీవం!" అని చప్పట్లు. పదేళ్ళుగా అదే వరస. మనవాళ్ళకి ఏకగ్రీవం అంటే ఎంత గొప్పో మీకు తెలియనిది కాదు. పోటీ వచ్చిందంటే ఊరి పరువు పోయినట్టే.

ఇక ఆటోలో నా సంగతి. నేను సోషల్ చెబుతాను కాబట్టి పొద్దున్నే పేపరు నా చేతిలో ఉంటుంది. డ్రైవరు సీటు వెనకే కూర్చునేదాన్ని. బండి వెంకన్నపాలెం దాటగానే అల్లాఉద్దీన్ తల కొంచెం వెనక్కి వంచి, "మా సారు ఊరి కబురేటైనా ఉన్నాదా మేడం?" అనేవాడు. ఉంటే పైకి చదవాలి. తొంభై మూడులో చెకోస్లొవాకియా రెండు దేశాలయిందని చదివిన రోజు పాపం అతనికి ఒకటే కంగారు. "మా సారు ఎటేపు ఉండిపోనారు మేడం?" ఓండ్రే సారు సొంతూరు కొషిత్సె అని అతనే చెప్పేవాడు, అది స్లొవేకియా వైపు వచ్చిందని చెప్పాను. "అయితే మనది స్లొవేకియా," అని తేల్చేశాడు. అలా ఆ ఆటోలో చెరకు రైతులు, కూరగాయల తట్టలవాళ్ళు, నేను, అందరం స్లొవేకియా వాళ్ళమయిపోయాం.

తొంభై ఏడు డిసెంబరులో ఒక ఉదయం చదివాను. ఐరోపా సమాఖ్యలో చేరడానికి పోలండునీ, హంగరీనీ, చెక్ దేశాన్నీ, ఇంకొందర్నీ చర్చలకి పిలిచారు. స్లొవేకియాని పిలవలేదు. అక్కడి ప్రభుత్వం నడుస్తున్న తీరు ప్రజాస్వామ్యానికి సరిపోలేదన్నారు.

అల్లాఉద్దీన్ ఒక్కసారి బ్రేకు తొక్కాడు. వెనకాల తట్టల్లోంచి వంకాయలు నా ఒళ్ళో పడ్డాయి.

"మేడం! ఇది మన కతే కదా!"

"ముందు బండి సరిగ్గా నడుపు!" అని అరిచాను.

"కాదు మేడం, సూడండి! పోలండు లోపలికి, హంగరీ లోపలికి. అదేటి? వడ్డాది, రావికమతం! బయట నిలబడిపోయింది ఎవరు? మనం! మన యూనియన్ కాగితం నిన్ననే ఎనక్కి కొట్టీసేరు. ఎందుకంతే, రహస్య ఓటు లేదంట. పోటీలో ఇద్దరు లేరంట. ఏకగ్రీవం సెల్లదంట!"

నేను ఆ మాట అప్పుడే విన్నాను. విని, వంకాయలు పక్కన పెట్టి నిటారుగా కూర్చున్నాను. నా జన్మలో సోషల్ పాఠం ఇంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. "పిలిచేదాకా ఏటి చేస్తారు ఆ దేశమోళ్ళు?" అని ఒక చెరకు రైతు అడిగాడు. వచ్చే ఏడు వాళ్ళకి ఎన్నికలున్నాయని చెప్పాను. "మనకీ ఉన్నాయి," అన్నాడు అల్లాఉద్దీన్. కొత్త యూనియన్లని సమాఖ్య ఏటా దసరా వెళ్ళాకే చూస్తుందట.

ఆ సాయంత్రమే అల్లాఉద్దీనూ నేనూ పరదేశి దగ్గరికి వెళ్ళాం. పరదేశి ఈల చేత్తో తిప్పుతూ విన్నాడు. వింటున్నకొద్దీ మీసం కదలడం మొదలుపెట్టింది.

"ఏకగ్రీవం సెల్లదా? ఏకగ్రీవం కన్నా గొప్పదేటున్నాదిరా? నా మనుషులు నాకు సెయ్యెత్తితే అనకాపిల్లోడికి నొప్పేటి?"

"నొప్పి మనకి అన్నియ్యా. కాళీ బండి తోలేది మనం," అన్నాడు అల్లాఉద్దీన్.

"పోనీలెండి, ఓటు పెట్టినా మీరే గెలుస్తారు కదా," అన్నాను నేను.

"గెలుస్తాననే కదమ్మా. మరెందుకా ఓటు?" అని గిర్రున తిరిగి వెళ్ళిపోయాడు.

అలా నెలలు గడిచాయి. చెరకు సీజను వెళ్ళిపోయింది, ఎండలు ముదిరాయి. ఖాళీ తిరుగుళ్ళతో అల్లాఉద్దీన్ బండి నడవడమే గండంగా ఉంది. వానలొచ్చేసరికి ఆటో అమ్మేసి మళ్ళీ లారీ ఎక్కుతానన్నాడు. సఫూరా నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "ఆ కాలితో క్లచ్చేటి తొక్కుతాడమ్మా? ఈసారి మనిషి తిరిగొస్తాడా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అల్లాఉద్దీన్‌ని పట్టుకుని కడిగిపారేశాను. "లారీ ఎక్కే ధైర్యం ఉంది గానీ, ఎన్నికలో నిలబడే ధైర్యం లేదా? పోటీకి రెండో మనిషే కదా కావలసింది?"

అతను నీళ్ళు నమిలాడు. "అన్నియ్య మీద నేనా?"

సఫూరా అయితే నా మీదే విరుచుకుపడింది. "అన్నియ్య మీద నిలబడతాడా? ఆయన సోటులో ఇన్నాళ్ళు నిలబడి, ఆయన మీదే నిలబడతాడా? అలగంతే ఆ లారీయే మేలమ్మా!" అని లేచి వెళ్ళిపోయింది.

రెండు రోజులు అల్లాఉద్దీన్ స్లొవేకియా కబురు కూడా అడగలేదు. మూడో రోజు స్టాండులో అందరి ముందూ పరదేశి దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అన్నియ్యా, నీ మీద నిలబడతన్నాను. నీ మీద కోపం లేదు. రెండో పేరు లేకపోతే మనల్ని లోపలికి రానివ్వరు. ఎవుడూ రాకపోతే నేనొచ్చేను."

స్టాండు స్టాండంతా నోరు తెరిచింది. పరదేశి మొహం చూడాలి! నల్లబడింది, ఎర్రబడింది. "నిలబడు. ఎవుడొద్దన్నాడు?" అన్నాడు. తర్వాత ఈల ఊదాడు. అల్లాఉద్దీన్ వంతు వచ్చినప్పుడు మాత్రం ఈల ఊదలేదు, ఉత్తినే చెయ్యి ఊపాడు. ఆ రోజు నుంచి మాటల్లేవు. సఫూరా పంపిన గిన్నె తిరిగొచ్చింది.

ఇంక చూడండి, చోడవరంలో జాతరే! ఎన్నిక అక్టోబరులో ఒక ఆదివారం పెట్టారు. గుర్తులు కావాలన్నారు. పరదేశికి హారన్, అల్లాఉద్దీన్‌కి హెడ్‌లైటు. పరదేశి మనుషులు బజారు మొదలు నుంచి చివరిదాకా హారన్ మోగించుకుంటూ తిరిగారు. హెడ్‌లైటు వాళ్ళు పట్టపగలే లైట్లు వేసుకుని ఎదురొచ్చారు. రెండు బళ్ళు ఎదురుపడితే ఒకడు పోం, ఇంకొకడు లైటు. మా ఇంటి ముందు ఆ మోత భరించలేక నేను చీపురుతో బయటికొచ్చిన రోజు కూడా ఉంది. కానీ లోపల నాకు ఎంత సంబరంగా ఉందో! పదేళ్ళుగా చెయ్యెత్తడం తప్ప ఎరగని మనుషులు, టీ కొట్లో కూర్చుని "మనకేటి కావాల?" అని మాట్లాడుకోవడం మొదలెట్టారు. లైన్లో వరస తప్పితే ఎవరు చెప్పాలి? ఈల ఒక్కడి మెడలోనే ఎందుకుండాలి? అల్లాఉద్దీన్‌కి మాట్లాడటం రాదు. "నాకు ఓటెయ్యండని అడగను. తెర ఎనక్కి ఎల్లండి సాలు," అనేవాడు అందరితో. అదేం ప్రచారమయ్యా అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

సెప్టెంబరు ఆఖర్లో స్లొవేకియా ఎన్నికలయ్యాయి. ఆ పేపరు కోసం నేను బస్టాండు దగ్గర కాపు కాశాను. ఆటోలో నిలబడినంత పని చేసి చదివాను. వందకి ఎనభై మందికి పైగా వచ్చి ఓటేశారట! ఊరూరా కుర్రకారు తిరిగి, పాటలు పాడి, జనాన్ని ఓటుకి కదిలించారట. పాత ప్రభుత్వం దిగిపోవలసిందేనట. తమను ఐరోపా గుమ్మం బయట నిలబెట్టారన్న ఉక్రోషం కూడా జనంలో ఉందట.

"మా సారు కూడా ఎల్లుంటారు మేడం," అన్నాడు అల్లాఉద్దీన్. "తెర ఎనక్కి ఎల్లుంటారు. ఎవుడూ రాసుకోని తెర!" హారన్ తన గుర్తు కాదని కూడా మర్చిపోయి తుమ్మపాల దాకా హారన్ కొట్టుకుంటూ తీసుకెళ్ళాడు.

ఎన్నిక ఆదివారం వచ్చింది. యూనియన్ రేకుల షెడ్డు. ఎన్నికల అధికారిని నేనే. నేనంటే రెండు వైపులవాళ్ళకీ భయం కాబట్టి నన్ను పెట్టారు. సమాఖ్య తరఫున చూడ్డానికి అనకాపల్లి నుంచి వేంకటరమణమూర్తి అనే పెద్దాయన వచ్చి గొడుగు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. షెడ్డు మూల తెర. దాన్ని పొద్దున్నే సఫూరా తెచ్చింది. వాళ్ళ మామగారు పరుపులకి వాడిన నీలం చారల గుడ్డ, అంచు కుట్టి, తాడు ఎక్కించి మరీ తెచ్చింది. కోపం పోయిందా అని అడిగితే, "పోలేదు. కానీ గుడ్డ పలచగా ఉంటే లోపల కనబడిపోద్ది కదమ్మా," అంది. అల్లాఉద్దీన్ బల్లెక్కి తన చేత్తోనే కట్టాడు.

మొదటి ఓటు గంగునాయుడిది. పరదేశికి కుడిభుజం. నేను చీటీ ఇచ్చాను. వాడు తెర వైపు వెళ్ళలేదు. నా బల్ల మీదున్న రబ్బరు ముద్ర తీసుకుని, అక్కడే అందరూ చూసేలా హారన్ మీద గుద్ది, చీటీ పైకెత్తి చూపించాడు.

"నాకు దాపరికం లేదు! మా పరదేశికే నా ఓటు!"

ఈలలు, చప్పట్లు. నేను కుర్చీలోంచి ఎగిరి వాడి చేతిలో చీటీ లాక్కుని చింపేశాను. "తెర వెనక్కి పో!" అన్నాను.

"ఎందుకెల్లాల? నేనేటైనా దొంగనా?"

వాడి వెనకాల లైనులో ఉన్నవాళ్ళు కూడా కదల్లేదు. ఒక్కొక్కరూ పరదేశి మొహం వైపు చూస్తున్నారు. తెర వెనక్కి వెళ్తే పరదేశికి ఎగనామం పెట్టినట్టే అనుకుంటారని ప్రతివాడికీ భయం. మూర్తిగారు గొడుగు చేతిలోకి తీసుకున్నారు. "బయట గుద్దిన చీటీ ఒక్కటి పెట్టెలో పడినా ఇది ఎన్నిక కాదమ్మా. నేనేమీ చెయ్యలేను. వచ్చే ఏడు చూద్దాం," అన్నారు. వచ్చే ఏడా? అప్పటికి అల్లాఉద్దీన్ ఏ ఘాట్ రోడ్డు మీద ఉంటాడు?

అల్లాఉద్దీన్ తెర పక్కన నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు లేదు. అతనికి ఏం కనిపిస్తోందో నాకు తెలుసు. తెర ఉంది. దాని వెనక్కి వెళ్ళే మనిషి లేడు. ఓండ్రే సారు చెప్పిన గది సరిగ్గా అదే.

కుంటుకుంటూ పరదేశి ఎదురుగా వెళ్ళాడు. వాళ్ళు మాట్లాడుకుని రెండు నెలలయింది.

"అన్నియ్యా. ఈళ్ళకి నువ్వంటే ఇష్టం. ఆ ఇష్టం నిజమో, భయమో నీకు తెలాలా వద్దా? మా సారు దేశంలో నలభై ఏళ్ళు అందరూ సేతులెత్తేరు. ఒక్కడికీ ఇష్టం లేదు. నీకు అలగవ్వకూడదు అన్నియ్యా. నువ్వు అలాటోడివి కాదు."

పరదేశి అతన్నే చూస్తూ నిలబడ్డాడు. మీసం కదలలేదు. ఉన్నట్టుండి లైను పక్కకి తోసుకుంటూ తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చి చెయ్యి చాచాడు. "చీటీ ఇవ్వండి మేడం."

ఇచ్చాను. ముద్ర కూడా తీసుకుని, తెర ఎత్తి, వెనక్కి వెళ్ళాడు.

ఆ చారల గుడ్డ కింద ఆయన చెప్పులు కనిపిస్తున్నాయి. చాలాసేపు అవి కదలలేదు. ఒక ముద్ర గుద్దడానికి అంతసేపా అని నాకు ఒకటే ఆత్రం. ఆఖరికి బయటికొచ్చాడు, మడిచిన చీటీ పెట్టెలో వేశాడు, వెనక్కి తిరిగి ఒక్క అరుపు అరిచాడు.

"ఏట్రా సూస్తన్నారు? ఒక్కొక్కడూ ఎనక్కెల్లండి! బయట గుద్దినోడికి నేను ఈల ఊదను!"

అంతే! లైను కదిలింది. గంగునాయుడు ఇంకో చీటీ పుచ్చుకుని అందరికంటే ముందు తెర వెనక్కి దూరాడు. నేను పట్టలేక చప్పట్లు కొట్టేశాను. ఎన్నికల అధికారి అలా చెయ్యకూడదని మూర్తిగారు దగ్గారు. దగ్గనివ్వండి!

మధ్యాహ్నం లెక్కింపు. చీటీలు విప్పి రెండు కుప్పలుగా పెట్టాను. హారన్, హారన్, హెడ్‌లైటు. హెడ్‌లైటు, హారన్, హెడ్‌లైటు. ఏ కుప్ప పెరిగితే ఆ వైపు కేక. చివరికి రెండు కుప్పలూ దాదాపు సమానంగా వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాను. మూర్తిగారు కూడా లెక్కపెట్టారు. రెండు ఓట్ల తేడా.

"హెడ్‌లైటు," అన్నాను.

ఎవ్వరూ కేక వెయ్యలేదు. హెడ్‌లైటు వాళ్ళు కూడా వెయ్యలేదు. అల్లాఉద్దీన్ నా వైపు పిచ్చివాడిలా చూశాడు. పోటీకి రెండో పేరు కావాలని నిలబడ్డవాడు. గెలుస్తానని కలలో కూడా అనుకోలేదు. "లేదు మేడం. తప్పు. అన్నియ్యే ప్రెసిడెంటు. ఒరే, అందరూ సేతులెత్తండిరా. ఏకగ్రీవంగా అన్నియ్యనే ఉంచీద్దాం!" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "సిగ్గు లేదూ? ఇంతా చేసి మళ్ళీ చేతులెత్తమంటావా?" అని ఇంకా ఏదో తిట్టబోతున్నాను. నాకంటే ముందు పరదేశి లేచాడు.

"నోర్ముయ్యిరా ఉద్దీనూ."

దగ్గరికొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఓడిపోయేను. బాగోలేదు. శానా బాగోలేదు. కానీ ఆ కుప్ప సూడు, నా కుప్ప. దాన్లో ఉన్నోడు ఒక్కడూ నాకు భయపడి ఎయ్యలేదు. పదేళ్ళలో ఇన్ని సేతులు లెక్కెట్టేను గానీ, నాకు ఎవుడెవుడున్నాడో ఇయ్యాలే తెలిసింది. దాన్ని నువ్వు పాడుసెయ్యకు." మెడలో ఎర్ర తాడు తీశాడు. ఈల ఒకసారి చొక్కాకి తుడిచి, అల్లాఉద్దీన్ మెడలో వేశాడు.

అల్లాఉద్దీన్ ఆయన భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అప్పుడు లేచింది చూడండి కేక! హారన్లు, లైట్లు, రేకుల షెడ్డు ఎగిరిపోతుందనుకున్నాను. తలుపు దగ్గర సఫూరా కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.

మూర్తిగారు గొడుగు విప్పుకుంటూ, "రేపట్నించి రండి లోపలికి," అన్నారు.

స్లొవేకియాని చర్చలకి పిలవడానికి ఇంకో ఏడాదికి పైగా పట్టింది. వాళ్ళకంటే ముందు మనమే వెళ్ళిపోయామని అల్లాఉద్దీన్ తర్వాత చాలాకాలం గొప్పలు పోయాడు.

మర్నాడు సోమవారం. నేను కావాలనే చీర మార్చి పట్టుచీర కట్టుకున్నాను. చోడవరం ఆటోలు వరసగా బయల్దేరాయి. మొదటి బండి అల్లాఉద్దీన్‌ది. అతని పక్కనే ఇరుక్కుని పరదేశి. వెనకాల నేను, తట్టల వాళ్ళు. తుమ్మపాల దాటింది. రోజూ దిగే చోటు వచ్చింది. అలవాటు కొద్దీ అల్లాఉద్దీన్ కాలు బ్రేకు మీదకి వెళ్ళింది. "ఆపకురా!" అని పరదేశి వాడి తొడ మీద కొట్టాడు. నేను వెనక నుంచి అరిచాను. బండి ఆగలేదు! రోడ్డు పక్కన వడ్డాది ఆటో ఒకటి ఆగి మాకు దారిచ్చింది. నేను ఆ డ్రైవరుకి చెయ్యి ఊపాను. నా వయసుకీ ఉద్యోగానికీ అది తగదు, అయినా ఊపాను.

స్టాండులో మా ఊరి లైను కోసం చోటు చూపించారు. అల్లాఉద్దీన్ ఇంజన్ ఆపాడు. జనం దిగుతున్నారు, కొత్త జనం "చోడవరమా? చోడవరమా?" అని ఎక్కుతున్నారు. ఆ సందట్లో పరదేశి మెల్లిగా అడిగాడు. నేను దిగబోతూ ఆగిపోయాను.

"ఒరే ఉద్దీనూ. నిజం సెప్పు. తెర ఎనకాల ఎవుడికి గుద్దేవు? నాకేనా?"

నా చెవులు రెండూ అక్కడే ఉన్నాయి. అల్లాఉద్దీన్ ఆ మనిషి దగ్గర ఏనాడూ ఏదీ దాచినవాడు కాదు. ఈల వేళ్ళతో ఒకసారి తిప్పాడు.

"సెప్పను అన్నియ్యా."

పరదేశి వాడి మొహంలోకి చూశాడు. తర్వాత మీసం కదిలింది. కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"సెప్పకు. సెప్పేవంటే తంతాను," అన్నాడు. "ఈలెయ్యి, మన వంతొచ్చింది."